మబ్బులో సాధకం

సొంతంగా చిన్న విమానం నడుపుతానని చెప్పగానే అవతలివాళ్ళ మనసులో ఒక బొమ్మ మెదులుతుంది. నీలాకాశం, కింద పచ్చటి కొండలు, నల్ల కళ్ళద్దాలు, చిరునవ్వు. ఆ బొమ్మ తప్పేం కాదు. సాయంత్రం ఎండలో గోల్డెన్ గేట్ వంతెన పక్కగా ఎగురుతుంటే ఎవరికైనా బానే ఉంటుంది, నాకూ బానే ఉంటుంది. కానీ నా మటుకు నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చే గంటలు అవి కావు. బయట ఏమీ కనపడకుండా, ఏ ఊరికీ వెళ్ళకుండా, గానుగెద్దులా చెప్పిన చోటే తిరిగి తిరిగి, చివరికి బయల్దేరిన చోటే దిగే గంటలు. దాన్నే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ సాధన అంటారు. కిటికీలోంచి చూడకుండా, ఎదురుగా ఉన్న మీటర్లని మాత్రమే నమ్ముకుని విమానం నడపడం అన్నమాట.

"అందులో మజా ఏవుంది?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. న్యాయమైన ప్రశ్నే. డబ్బులు పోసి, శనివారం పొద్దున్నే లేచి, కళ్ళకి సగం గంతలు కట్టుకోవడం ఏం సరదా? దీనికి జవాబు కొంచెం పొడుగ్గానే చెప్పాలి. ఎందుకంటే ఇది సరదా గురించి మాత్రమే కాదు. ఒక విద్యని సర్టిఫికెట్‌గా దాచుకోవడానికీ, చేతిలో బతికించుకోవడానికీ మధ్య ఉన్న తేడా గురించి. ఆ తేడాతో ప్రాణాలు పోవడమూ ఉంది, నిలవడమూ ఉంది.

ముందు కొంచెం నేపథ్యం. అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చినంత మాత్రాన మబ్బుల్లోకి వెళ్ళకూడదు. కంటితో దారి చూసుకుంటూ, మబ్బుకి దూరంగా, బయట తగినంత దూరం కనిపిస్తున్నప్పుడే ఎగరాలి. మబ్బులోకి వెళ్ళాలంటే పైన ఇంకో అర్హత కావాలి, దాని పేరు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. దానికి 40 గంటలు మీటర్లు మాత్రమే చూసి నడిపిన అనుభవం ఉండాలి, అందులో కనీసం 15 గంటలు గురువు పక్కనుండాలి. ఊరి నుంచి ఊరికి 50 గంటలు కెప్టెన్‌గా నడిపి ఉండాలి. ఒక రాతపరీక్ష, ఆపైన పరీక్షాధికారి ఎదురుగా నోటి పరీక్ష, విమానంలో పరీక్ష. మనలాంటి వీసా వాళ్ళకి వీటన్నిటికీ ముందు టీఎస్ఏ అనుమతి, వేలిముద్రలు అదనం. 2024 దాకా అయితే లైసెన్సుకి ఒకసారి, రేటింగుకి మళ్ళీ ఇంకోసారి ఉండేది.

ఇంత తతంగం ఎందుకంటే, మబ్బులో మనకి శత్రువు మబ్బు కాదు, మన చెవి.

చెవి లోపల ద్రవంతో నిండిన మూడు చిన్న గొట్టాలుంటాయి. తల తిరిగినప్పుడు గొట్టం కదులుతుంది, లోపలి ద్రవం కాస్త వెనకబడుతుంది, ఆ తేడాని బట్టి "తిరుగుతున్నాం" అని మెదడు తెలుసుకుంటుంది. నేల మీద నడిచే జీవికి ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ విమానం ఒకే వేగంతో కొంతసేపు మలుపు తిరుగుతూ ఉంటే ద్రవం గొట్టాన్ని అందుకుంటుంది. ఇక చెవి దృష్టిలో మలుపు లేదు, నిటారుగా పోతున్నట్టే. అప్పుడు విమానాన్ని నిజంగా నిటారు చేశామనుకోండి, రెండో పక్కకి పడిపోతున్నట్టు అనిపిస్తుంది. బయట నేలో ఆకాశపు అంచో కనిపిస్తుంటే కన్ను ఈ గొడవని సెకనులో సర్దేస్తుంది. మబ్బులో సర్దేవాళ్ళు లేరు. పైలట్ తనకి సమంగా ఉన్నట్టు అనిపించే వైపుకి విమానాన్ని ఒంచుతాడు, ముక్కు కిందికి జారుతుంది, వేగం పెరుగుతుంది, కంగారుపడి కంట్రోలు వెనక్కి లాగుతాడు, సుడి ఇంకా బిగుస్తుంది. ఇంగ్లీషులో దీనికి గ్రేవ్‌యార్డ్ స్పైరల్ అని పేరు. శ్మశానపు సుడి. పేరు పెట్టినవాడెవడో గానీ మొహమాటం లేనివాడు.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దీని మీద ఒక ప్రయోగం చేశారు. మీటర్ల మీద శిక్షణ లేని 20 మందిని తీసుకుని, బయట కనపడకుండా చేసి, విమానం నడపమన్నారు. 20 మందీ అదుపు తప్పారు. ఒక్కరు కూడా మిగల్లేదు. దానికి సగటున పట్టిన సమయం 178 సెకన్లు. అంటే మూడు నిమిషాలు కూడా లేదు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు, మామూలు మనుషులు. ఇక్కడ తెలివితో పనిలేదు. నేను చాలా తెలివైనవాణ్ణి కాబట్టి చెవి నాకు అబద్ధం చెప్పదు అనుకోవడం, నాకు గురుత్వాకర్షణ వర్తించదు అనుకోవడంలాంటిదే.

ఈ చిక్కుకి పరిష్కారం అప్పటికి పాతికేళ్ళ ముందే దొరికింది. 1929 సెప్టెంబర్ 24న న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ అనే సైనిక పైలట్, కాక్‌పిట్ మీద మూత బిగించుకుని, బయట ఏమీ చూడకుండా విమానాన్ని లేపి, చుట్టూ తిప్పి, మళ్ళీ అదే మైదానంలో దింపాడు. మొత్తం పావుగంట. ముందు సీట్లో బెన్ కెల్సీ అని ఇంకో పైలట్ ఉన్నాడు, అవసరమైతే అందుకోవడానికి. అవసరం పడలేదు. స్పెర్రీ తయారుచేసిన గైరో పరికరాలు, కోల్స్‌మన్ తయారుచేసిన కచ్చితమైన ఎత్తు కొలిచే మీటరు, రేడియో సంకేతాలు, ఇంతే సరంజామా. ఇవాళ మనం మబ్బుల మీదుగా హాయిగా నిద్రపోతూ హైదరాబాద్ వెళ్ళివస్తున్నామంటే దాని మూలం ఆ పావుగంటలో ఉంది. నన్నడిగితే అది రెక్కల కన్నా గొప్ప సంగతి. మనిషి తన ఒంటి మాటని పక్కనపెట్టి, కొలత చెప్పిన మాట వినడం నేర్చుకున్న రోజు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. రెండు ప్రమాదాల గురించి చెప్పాలి.

మొదటిది చాలామందికి తెలిసిందే. 1999 జూలై 16 రాత్రి జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ తన చిన్న విమానంలో భార్యని, ఆమె అక్కని తీసుకుని మార్తాస్ వైన్‌యార్డ్ వైపు బయల్దేరాడు. మబ్బు కూడా కాదు, రాత్రి, సముద్రం మీద పల్చటి మసక. నీరెక్కడో ఆకాశమెక్కడో తెలియని చీకటి. ఆయనకి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు, అప్పటికి నేర్చుకుంటున్నాడు. దిక్కుతోచక అదుపు తప్పిందని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. సరే, శిక్షణ పూర్తికాలేదు కాబట్టి అలా అయింది అనుకోవచ్చు.

రెండోది 2020 జనవరి 26న లాస్ ఏంజెలెస్ దగ్గర కాలబాసస్‌లో. బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, ఆయన కూతురు, మొత్తం 9 మంది పోయిన హెలికాప్టర్. ఈ పైలట్‌కి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉంది. కానీ ఆ కంపెనీకి ఉన్న అనుమతి కంటితో చూసి నడిపే ప్రయాణాలకే. మబ్బు కమ్ముకుంటున్నా ముందుకి వెళ్ళాడు. మబ్బుల పైకి వస్తాను, 4,000 అడుగులకి ఎక్కుతున్నాను అని కంట్రోలర్‌కి చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు హెలికాప్టర్ ఎక్కడంలేదు, ఎడమకి ఒరుగుతూ కిందికి దిగుతోంది. 2021 ఫిబ్రవరిలో ఎన్‌టీఎస్‌బీ ఇచ్చిన నిర్ణయం కూడా అదే మాట: కంటితో నడిపే నియమాల కింద మబ్బులోకి పోనివ్వడం, దాంతో దిక్కు తెలియక అదుపు తప్పడం.

ఎక్కుతున్నాను అన్నవాడు అబద్ధం చెప్పలేదు. అతనికి నిజంగా అలాగే అనిపించి ఉంటుంది. జేబులో రేటింగ్ కార్డు ఉంది. ఆ నిమిషంలో చెవికీ మీటరుకీ జరిగిన తగాదాలో కార్డు సాక్ష్యానికి రాలేదు.

మన రంగంలో ఇది బాగా తెలిసిన కథే. సర్టిఫికెట్లు సంపాదించడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు. ఒకప్పుడు అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు, ఇప్పుడు క్లౌడ్ సర్టిఫికెట్లు. రెజ్యూమేలో వరసగా పేర్లు. పరీక్ష రాసిన వారం తర్వాత అందులో ఎంత గుర్తుందో మనకి తెలుసు, మనల్ని ఇంటర్వ్యూ చేసేవాడికీ తెలుసు. పెద్దగా నష్టం ఉండదు కాబట్టి అందరం నవ్వుకుని ఊరుకుంటాం.

విమానాల దగ్గర చట్టమే నవ్వుకుని ఊరుకోలేదు. అందులో నాకు నచ్చిన తెలివి ఇదీ: రేటింగ్ శాశ్వతం, అది వాడుకునే హక్కు శాశ్వతం కాదు. గత ఆరు నెలల్లో ఆరుసార్లు మీటర్ల సాయంతో రన్‌వే దాకా దిగే అప్రోచ్‌లు చేసి ఉండాలి, హోల్డింగ్ అంటే ఆకాశంలో ఒకచోట చక్కర్లు కొడుతూ ఆగడం చేసి ఉండాలి, రేడియో లేదా జీపీఎస్ దారిని పట్టుకుని నిలబెట్టుకోవడం చేసి ఉండాలి. లేకపోతే ఇన్‌స్ట్రుమెంట్ నియమాల కింద కెప్టెన్‌గా బయల్దేరకూడదు. ఇంకో ఆరు నెలల్లోపు సాధన చేసి ఆ హక్కు తిరిగి తెచ్చుకోవచ్చు. అదీ దాటితే గురువు దగ్గరో పరీక్షాధికారి దగ్గరో మళ్ళీ కూర్చుని నిరూపించుకోవాల్సిందే. "నీకు వచ్చునని మాకు తెలుసు, నిన్నమొన్న చేశావా అని అడుగుతున్నాం" అంటుంది చట్టం. మన ఉద్యోగాల్లో ఎవరైనా ఇలా అడిగితే సగం మందికి చెమటలు పడతాయి.

అయితే చట్టం అడిగేది కనీసం. ఆరు అప్రోచ్‌లూ ఆటోపైలట్ మీద పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నా లాగ్‌బుక్‌లో ఆరు గీతలు పడతాయి. చట్టానికి సరిపోతుంది, మబ్బుకి సరిపోదు. అందుకే సాధన గురించి మాట్లాడేటప్పుడు నేను లెక్క గురించి మాట్లాడను, చేతి గురించి మాట్లాడతాను.

సాధన ఎలా ఉంటుందో చెబుతాను. శనివారం పొద్దున్న, ఎండ కాస్తున్న రోజు. పాలో ఆల్టోలో ఒక సెస్నా 172 అద్దెకి. కుడి సీట్లో సేఫ్టీ పైలట్. ఇది చట్టమే, నేను బయటికి చూడను కాబట్టి చూసే లైసెన్సున్న మనిషి ఒకడు ఉండాలి. నా పక్కన కూర్చునేవాడు గుంటూరు నుంచి వచ్చిన నా పాత రూమ్మేట్. లేచిన కాసేపటికి హుడ్ పెట్టుకుంటాను. గుర్రానికి కట్టే గంతల్లాంటిదే, కిందున్న మీటర్లు తప్ప ఏమీ కనపడవు. ఇక్కణ్ణుంచి ప్రపంచం అంటే ఆరు గుండ్రటి మీటర్లు, ఒక రేడియో గొంతు, పక్కనుంచి "ఒరే, ఎడమ పక్కన ట్రాఫిక్, నేను చూస్తున్నాలే, నువ్వు కానీ" అనే మాట.

కొండ దాటి లివర్‌మోర్, అక్కడ ఐఎల్ఎస్ అప్రోచ్. రన్‌వే నుంచి రెండు రేడియో కిరణాలు వస్తాయి, ఒకటి ఎడమా కుడీ చెబుతుంది, ఇంకోటి ఎత్తు చెబుతుంది. కాక్‌పిట్‌లో రెండు సూదులు. వాటిని మధ్యలో నిలిపితే మూడు డిగ్రీల వాలు మీద రన్‌వే మొదటికి చేరతాం. 90 నాట్ల వేగంతో వస్తే నిమిషానికి సుమారు 480 అడుగుల చొప్పున దిగాలి. రన్‌వే దగ్గరపడే కొద్దీ కిరణం సన్నబడుతుంది. దూరంగా ఉన్నప్పుడు మైలు పక్కకి జరిగినా ఓర్చుకున్న సూది, రన్‌వే మొదట్లో 350 అడుగులు తప్పితే అంచుకి పారిపోతుంది.

కొత్తవాళ్ళు అందరూ సూది వెనక పరిగెడతారు. ఎడమకి జరిగిందని ఎడమకి ఇరవై డిగ్రీలు తిప్పుతారు, అది కుడికి దూకుతుంది, మళ్ళీ కుడికి. ప్రొడక్షన్‌లో సమస్య వచ్చినప్పుడు ఒకేసారి నాలుగు సెట్టింగులు మార్చేసినట్టు. ఇక్కడ నేర్చుకునేది దానికి తిరగబడ్డ పద్ధతి. రెండు డిగ్రీలు మార్చు, ఆగు, ఏమైందో చూడు, ఇంకో డిగ్రీ మార్చు. గాలి ఎటునుంచి తోస్తోందో సూది కదలికే చెబుతుంది. ఓపికగా వింటే నాలుగైదు మార్పుల్లో సరైన దిక్కు దొరుకుతుంది. అప్పుడు సూదులు రెండూ మధ్యలో కట్టేసినట్టు నిలబడతాయి. ఆ నిమిషం ఉందే, అది మాటల్లో పెట్టడం కష్టం. చేతిలో కంట్రోలు ఉందన్న స్పృహ కూడా ఉండదు. చూపు ఒక మీటరు నుంచి ఇంకో మీటరుకి తనంతట తనే తిరుగుతూ ఉంటుంది.

రన్‌వేకి సుమారు 200 అడుగుల ఎత్తు, మామూలు ఐఎల్ఎస్‌కి అదే నిర్ణయం తీసుకోవాల్సిన చోటు. రన్‌వేనో దాని దీపాలో కనిపిస్తే దిగాలి, లేకపోతే పవర్ పెట్టి పైకి వెళ్ళిపోవాలి. ఇంకో 20 అడుగులు దిగి చూద్దాం అనే బేరం లేదు. కొన్నిసార్లు నా మిత్రుడు "కనపడింది" అనడు. కావాలనే. అప్పుడు పవర్, ముక్కు పైకి, ఎక్కడం మొదలు, చెప్పిన దిక్కుకి మలుపు. నాకు దిగిన అప్రోచ్‌ల కన్నా ఇలా వదిలేసిన అప్రోచ్‌లంటేనే ఎక్కువ ఇష్టం. ఇంత దూరం కష్టపడి వచ్చి, ఆఖరి క్షణంలో, ఏ బాధా లేకుండా "లేదు, కుదరదు" అనగలగడం అలవాటు చేసుకోవాల్సిన విషయం. డెడ్‌లైన్ దగ్గర పడింది కాబట్టి ఎలాగోలా రిలీజ్ చేసేద్దాం అనే మనుషులతో వారమంతా గడిపి వచ్చినవాడికి, శనివారం పొద్దున్న ఈ "లేదు" చాలా ఆరోగ్యం.

అక్కణ్ణుంచి స్టాక్టన్ వైపు, మధ్యలో హోల్డింగ్. ఒక నిమిషం ముందుకి, సెకనుకి మూడు డిగ్రీల చొప్పున నిమిషంలో మలుపు, ఒక నిమిషం వెనక్కి, మళ్ళీ మలుపు. నాలుగు నిమిషాల కోడిగుడ్డు ఆకారం. గాలి లేకపోతే పిల్లల ఆట, గాలి ఉంటే చిన్న లెక్కల పరీక్ష. మధ్యలో ఎప్పుడో మిత్రుడు చెయ్యి చాపి, విమానం ఎంత ఒరిగిందో చూపించే మీటరు మీద ఒక పసుపు కాగితం అంటిస్తాడు. అది చెడిపోయిందని అర్థం. పాత విమానాల్లో ఈ మీటరుని నడిపేది ఒక గాలి పంపు. పంపు పోతే మీటరు "నేను పోయాను" అని చెప్పదు, గైరో నెమ్మదిగా వేగం తగ్గుతూ, మెల్లగా ఒక పక్కకి ఒరుగుతుంది. నమ్ముకున్నవాడు దాన్ని అనుసరించి ఒరిగిపోతాడు. అందుకే పాఠం "మీటర్లని నమ్ము" అన్న దగ్గర ఆగదు, "ఏ ఒక్కదాన్నీ ఒంటరిగా నమ్మకు" దాకా వెళుతుంది. శబ్దం చెయ్యకుండా తప్పు చెప్పే మానిటరింగ్ సిస్టమ్ ఎంత ప్రమాదమో రాత్రి రెండింటికి పేజర్ మోగినవాళ్ళకి వివరించక్కర్లేదు.

హుడ్ కింద సాధన నిజమైన మబ్బుకి పూర్తిగా సమానం కాదు, ఒప్పుకోవాలి. పక్కనుంచి ఎండ నీడ కదిలితే మలుపు తెలిసిపోతుంది. ఇంట్లో సిమ్యులేటర్ ఇంకో రకం లోటు. వరసలు నేర్చుకోవడానికి దానికి మించింది లేదు గానీ కుర్చీ కదలదు కాబట్టి చెవి అబద్ధం చెప్పదు. అందుకే అప్పుడప్పుడూ అసలు మబ్బు కావాలి. ఈ విషయంలో కాలిఫోర్నియా తీరం వాళ్ళం అదృష్టవంతులం. ఎండాకాలం పొద్దున్నపూట సముద్రం మీంచి చల్లటి తేమగాలి వచ్చి, పైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టుండి, పల్చటి మబ్బు దుప్పటిలా పరుచుకుంటుంది. చాలా రోజులు దాని మందం వెయ్యి అడుగులు దాటదు. కింద రన్‌వే కనిపించేంత ఖాళీ, పైన నిర్మలమైన ఎండ, లోయలోకి వెళితే అసలు మబ్బే లేదు. పిడుగులు లేవు, మంచు పేరుకోదు. దేవుడు విద్యార్థుల కోసం పెట్టిన బడిలా ఉంటుంది.

ఆ మబ్బులోకి ఎక్కినప్పుడు రెండు నిమిషాలు తెల్లటి గోడ. చెవి కుడికి ఒరిగామని గట్టిగా చెబుతుంది. మీటర్లు మూడూ ఒకే మాటగా లేదంటాయి. మెడ కండరాలు చెవి పక్షం. చెయ్యి మాత్రం కదలదు. ఆ కదలని చేతి కోసమే అన్ని శనివారాలూ. తర్వాత ఒక్కసారిగా ఎండలోకి బయటపడతాం, కింద తెల్లటి నేల, దూరంగా కొండ శిఖరాలు దీవుల్లా. అందంగా ఉంటుంది, కాదనను. కానీ నాకు తృప్తి అంతకు ముందు రెండు నిమిషాల్లోనే అయిపోయి ఉంటుంది.

ఇక అభ్యంతరాలు.

మొదటిది, ఆటోపైలట్ ఉందిగా. ఉంది. కొత్త సెస్నాల్లో ఇప్పుడు తెరలే వస్తున్నాయి, మంచి ఆటోపైలట్ నాకన్నా నున్నగా 200 అడుగుల దాకా దింపుతుంది. మబ్బులో ఒక్కడే ఉన్నప్పుడు దాన్ని వాడకపోవడం మూర్ఖత్వం. కానీ 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447లో జరిగింది గుర్తుంచుకోవాలి. వేగం కొలిచే గొట్టాల్లో మంచు పేరుకుని అంకెలు పొంతన లేకుండా పోగానే ఆటోపైలట్ విమానాన్ని మనుషుల చేతికి వదిలేసింది. ఆ చేతులు ముక్కు పైకి లాగాయి, విమానం స్టాల్ అయింది, 228 మంది పోయారు. తర్వాత దర్యాప్తు చేసిన సంస్థ అంత ఎత్తులో చేత్తో నడిపే శిక్షణ పెంచమని సిఫార్సు చేసింది. యంత్రం మనకి పని అప్పగించేది సులువైన సమయంలో కాదు, దాని వల్ల కానప్పుడు. ఇవాళ ఏఐ చేత కోడ్ రాయించుకుంటున్న మనకి ఈ ముక్క విమానాల కన్నా దగ్గరి చుట్టం. వాడొద్దని అననుగానీ, నెలకొకసారైనా చేత్తో రాయనివాడు అది రాసిందాంట్లో తప్పు ఎలా పట్టుకుంటాడు?

రెండోది, ఖర్చు. నిజమే. గంటకి 150-200 డాలర్లు అద్దె, రెండున్నర గంటలు, చివరికి చేరింది ఎక్కడికీ లేదు. దీన్ని సమర్థించుకోవడానికి నా దగ్గర లెక్కల పట్టిక ఏమీ లేదు. ఒకటే చెప్పగలను, సాధనకి డబ్బు లేనప్పుడు మబ్బు ప్రయాణాలకీ డబ్బు లేనట్టే లెక్కపెట్టుకోవాలి. ఏడాది అంతా ఖాళీగా ఉండి, థాంక్స్‌గివింగ్‌కి కుటుంబాన్ని ఎక్కించుకుని మబ్బులో దూరేవాడు ఆదా చేస్తున్నది డబ్బు కాదు.

మూడోది, ఇంట్లోవాళ్ళ భయం. మన తెలుగువాళ్ళకి 2002 మార్చిలో బాలయోగి గారూ, 2009 సెప్టెంబర్‌లో రాజశేఖరరెడ్డి గారూ హెలికాప్టర్లలో పోవడం కళ్ళముందే ఉంది. మా అమ్మ ఫోన్లో ప్రతిసారీ అడిగే ప్రశ్న, "మబ్బుల్లోకి ఎందుకురా, ఎండగా ఉన్నప్పుడే వెళ్ళొచ్చుగా?" ఆవిడ ప్రశ్నలో నిజం ఉంది. రేటింగ్ వచ్చినంత మాత్రాన ఉరుముల మబ్బు చల్లబడదు, రెక్కల మీద పేరుకునే మంచుని తట్టుకునే సదుపాయం నేను నడిపే విమానానికి లేదు. సాధన చేసేవాడికి తన హద్దు అంకెలతో సహా తెలుస్తుంది. చట్టం 200 అడుగులు అంటుంది, ఈ నెల నా అలవాటుని బట్టి నాది 600 అడుగులు, అంతకన్నా మబ్బు కిందికుంటే ఇంట్లో కాఫీ. వరసగా సాధన చేస్తే ఆ అంకె తగ్గుతుంది, మానేస్తే పెరుగుతుంది. రేటింగ్ వచ్చాక నేను "ఇవాళ వద్దు" అనడం ఎక్కువైందేగానీ తగ్గలేదు. అమ్మకి అదే చెబుతాను. పూర్తిగా నమ్ముతుందని అనుకోను.

మా వైపు సంగీతం నేర్చుకునేవాళ్ళు ఒక మాట వాడతారు, సాధకం అని. వందల కచేరీలు చేసిన విద్వాంసుడు కూడా తెల్లవారుజామున తలుపు వేసుకుని శ్రుతి పెట్టుకుని, పిల్లలు పాడే సరళీ స్వరాలూ, అలంకారాలూ పాడుకుంటాడు. వినేవాళ్ళు ఉండరు, చప్పట్లు ఉండవు. రాదని కాదు పాడేది, వచ్చింది పోతుందని. నా శనివారాలకి ఇంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు. మన పనిలో ఏది బాగుందో తేల్చేది ఇంకెవరో, మేనేజరో కస్టమరో రేటింగ్ మీటింగో. ఇక్కడ సూది మధ్యలో ఉందా లేదా, అంతే. ఎవరి అభిప్రాయంతోనూ పనిలేదు, వాదన లేదు, పైరవీ లేదు. మిగిలేది లాగ్‌బుక్‌లో ఒక వరస: రెండు అప్రోచ్‌లు, ఒక హోల్డు. ఆ వరస రాసేటప్పుడు ఉండే సుఖం ప్రమోషన్ ఉత్తరం చదివినప్పుడు లేదంటే అతిశయోక్తి అనుకోకండి.

ఎఫ్ఏఏ ఇచ్చే ప్లాస్టిక్ కార్డు మీద జారీ చేసిన తేదీ ఉంటుంది, గడువు తేదీ ఉండదు. రేటింగ్ తీసుకుని, పెళ్ళీ పిల్లలూ ఇల్లూ అంటూ రెండు మూడేళ్ళుగా పక్కన పెట్టిన మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్ళకి చెప్పేదొకటే. కార్డు చూసుకుని మబ్బులోకి వెళ్ళొద్దు. ముందు ఒక గురువుతో రెండు పూటలు కూర్చోండి. ఆ తర్వాత కుడి సీట్లో కూర్చునే స్నేహితుణ్ణి ఒకణ్ణి చూసుకుని నెలకొక శనివారం రాసిపెట్టుకోండి. మనిషి దొరక్కపోతే నాకు చెప్పండి, పొద్దున్న ఏడింటికి నేను ఖాళీయే. పసుపు కాగితాలు కూడా నేనే తెస్తాను.